పాత నిక్కోర్ ఫోటో లెన్సులను డిజిటల్ సినిమా కెమెరాకు సిద్ధం చేసుకోవడం ఎలా?

ఫిల్ము రోజుల్లో స్టిల్ ఫోటోల కోసం తయారైన లెన్సును నేటి డిజిటల్ సినిమా కెమెరాకు తగిలించడం రెండు నిమిషాల పని. అదే లెన్సుతో షూటింగ్ రోజంతా ఫోకస్ పుల్లర్ (షాటు నడుస్తుండగా ఫోకస్ సరిచేసే సహాయకుడు) ఇబ్బంది పడకుండా చూడాలంటే మాత్రం ముందుగా ఓపికతో చేసుకోవలసిన పనులు చాలా ఉన్నాయి. ఫోకస్ తిప్పే గేర్ రింగులు తొడగడం, అపెర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) వలయం క్లిక్కులు తీసేయడం వంటి వాటి గురించి అందరూ మాట్లాడతారు. నా దృష్టిలో మూడొంతుల ఫలితం ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటుంది: లెన్సు మౌంట్‌కూ (లెన్సు కెమెరాకు తగులుకునే భాగం) సెన్సార్‌కూ మధ్య ఉండవలసిన దూరాన్ని మిల్లీమీటరులో వందో వంతు దాకా సరిచూసుకోవడం. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను. ఉదాహరణగా నికాన్ కంపెనీ పాత ఏఐ, ఏఐ-ఎస్ రకాల నిక్కోర్ ప్రైమ్ (జూమ్ లేని) లెన్సులను తీసుకున్నాను. ఇతర కంపెనీల లెన్సులతో పని చేసేవారికి కూడా పద్ధతి ఇదే. తేడా వచ్చే చోట్ల ఆ సంగతి చెబుతాను.

మొదట మౌంట్ నిర్ణయించుకోండి

లెన్సు మౌంట్ అంచు నుంచి సెన్సార్ వరకు ఉండే దూరాన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. ప్రతి మౌంట్‌కూ ఇది స్థిరమైన సంఖ్య. లైకా ఆర్‌కు 47 మి.మీ., నికాన్ ఎఫ్‌కు 46.5, ఒలింపస్ ఓఎంకు 46, కాంటాక్స్-యాషికాకు 45.5, ఎం42 మరలకు 45.46, మినోల్టా ఎండీకి 43.5, కెనాన్ ఎఫ్‌డీకి 42 మి.మీ. కెమెరాల వైపు చూస్తే సినిమా కెమెరాల పీఎల్‌కు 52, కెనాన్ ఈఎఫ్‌కు 44, కెనాన్ ఆర్‌ఎఫ్‌కు, ఎల్ మౌంట్‌కు 20, మైక్రో ఫోర్ థర్డ్స్‌కు 19.25, సోనీ ఈ మౌంట్‌కు 18 మి.మీ. లెన్సు సంఖ్య కెమెరా సంఖ్య కంటే ఎక్కువగా ఉంటే మధ్యలో మామూలు లోహపు అడాప్టర్ పెట్టి ఆ తేడాను పూడ్చవచ్చు. తక్కువగా ఉంటే లెన్సు కెమెరా లోపలికి చొచ్చుకుపోవాలి. అది వీలుకాక దూరపు వస్తువులు ఎప్పటికీ ఫోకస్‌లోకి రావు.

ఈ లెక్క ముందే చూసుకోకుండా ఎఫ్‌డీ లెన్సులు కొని, ఈఎఫ్ మౌంట్ ఉన్న కెమెరా ముందు కూర్చుని చింతించేవారు చాలామంది. ఎఫ్‌డీని ఈఎఫ్‌కు కలిపే చవక అడాప్టర్లలో ఒక చిన్న లెన్సు అద్దం ఉంటుంది. దానితో దూరపు ఫోకస్ దొరుకుతుంది గానీ, అపెర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు బొమ్మ మసకబారుతుంది. అద్దం ఉన్న అడాప్టర్‌ను ఈ పనికి అసలు తీసుకోవద్దు. బొమ్మ వలయాన్ని కుదించి ఒక స్టాపు (అంటే రెట్టింపు) వెలుగు ఎక్కువ ఇచ్చే 0.71 రెట్ల ఫోకల్ రెడ్యూసర్లు మాత్రం వేరే జాతి. మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరా ఉన్నవారికి అవి నిజంగా అక్కరకు వస్తాయి. అలాగే నికాన్ లెన్సును పీఎల్ మౌంట్‌కు అడాప్టర్‌తో మార్చడం జరిగే పని కాదు. దానికి లెన్సు అద్దాలను తీసి, పూర్తిగా కొత్త సినిమా గొట్టంలో అమర్చాలి. ఇంగ్లండ్‌లోని ట్రూ లెన్స్ సర్వీసెస్ వంటి సంస్థలు ఈ పని చేస్తాయి, కానీ ఒక్కో లెన్సుకు అయ్యే ఖర్చు లెన్సు ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది.

నిక్కోర్లను ఎంచుకోవడానికి మరికొన్ని కారణాలున్నాయి. 46.5 మి.మీ. దూరం వల్ల ఇవి ఈఎఫ్‌తో సహా, పీఎల్ తప్ప ఇంచుమించు అన్ని కెమెరాలకూ కుదురుతాయి. 24 మి.మీ. ఎఫ్ 2.8 నుంచి 28, 35, 50, 85 ఎఫ్ 2, 105 ఎఫ్ 2.5, 135 ఎఫ్ 2.8 వరకు ఫిల్టర్ బిగించే ముందు మర అన్నింటికీ 52 మి.మీ. ఒక్కటే, ఫిల్టర్ల ఖర్చు ఎంత తగ్గుతుందో కొనేవారికే తెలుస్తుంది. ఏఐ లెన్సులు 1977లో మొదలయ్యాయి, ఏఐ-ఎస్ ఆ తరువాత కొద్ది ఏళ్ళకే వచ్చింది. ఇవన్నీ 36×24 మి.మీ. ఫ్రేముకోసం చేసినవి కాబట్టి ఫుల్ ఫ్రేమ్ సెన్సార్‌నూ, అంతకంటే చిన్నదైన సూపర్ 35 సెన్సార్‌నూ కప్పేస్తాయి. సూపర్ 35 మీద 24 మి.మీ. లెన్సు సుమారు 36 లాగా కనిపిస్తుంది గనుక అలాంటి కెమెరా ఉన్నవారు 20 మి.మీ. ఎఫ్ 2.8ను కూడా చేర్చుకోవాలి. దాని ముందు మర మాత్రం 62 మి.మీ.

ఒక లోపం కూడా దాచకుండా చెప్పాలి. నిక్కోర్ల ఫోకస్ వలయం తిరిగే దిశ సినిమా లెన్సులకు వ్యతిరేకం. మోటారుతో ఫోకస్ లాగే వైర్‌లెస్ సెట్లలో దిశను సెట్టింగులోనే తిప్పుకోవచ్చు. చేత్తో తిప్పే ఫాలో ఫోకస్ (లెన్సు గేరును తిప్పే చక్రం) అయితే దిశ మార్చే గేరు ఉన్నదాన్ని అద్దెకు అడగండి. చేత్తో నేరుగా లెన్సు పట్టుకుని ఫోకస్ చేసే అలవాటున్నవారు, ఈ ఒక్క కారణానికే కెనాన్ ఎఫ్‌డీ వైపు మొగ్గితే నేను తప్పు పట్టను. వారి కెమెరాకు ఈఎఫ్ మౌంట్ ఉండకూడదు, అంతే.

కొనేముందు చూడవలసినవి

మొబైల్ టార్చి వేసి లెన్సు వెనుక నుంచి వెలుగు పంపి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లా సన్నగా అల్లుకున్నట్టు కనిపిస్తే అది బూజు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అక్కడ ఏళ్ళ తరబడి తోలు సంచిలో మూసి ఉంచిన లెన్సులకు ఇది పట్టడం సహజం. బూజు తొలిదశలో ఉంటే మెకానిక్ తుడిచేయగలడు. పూత మీద మచ్చ తినేసి ఉంటే ఆ జాడ పోదు, దీపాలు ఎదురుగా ఉన్న షాట్లలో బయటపడుతుంది. అద్దమంతా పాలపొరలా మసకగా ఉంటే అది వేరే జబ్బు, దాన్ని తరచుగా శుభ్రం చేయవచ్చు. రెండు అద్దాలను అంటించిన జిగురు విడిపోయి అంచున ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే మాత్రం వదిలేయండి.

అపెర్చర్ రేకుల మీద నూనె తడి లేకుండా చూడండి. లెన్సు వెనుకనున్న చిన్న మీటను వేలితో తోసి వదిలితే రేకులు చటుక్కున మూసుకోవాలి. తరువాత ఫోకస్ వలయాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి నెమ్మదిగా తిప్పండి. మధ్యలో ఎక్కడైనా పట్టినట్టు, జారినట్టు అనిపిస్తే లోపలి గ్రీజు ఎండిపోయిందని అర్థం. తిప్పడం ఆపి వెంటనే వెనక్కి తిప్పినప్పుడు వలయం కదిలినా లెన్సు కదలని ఖాళీ ఉంటే అది సినిమా పనికి పనికిరాదు. ఫోటోలు తీసేవారికి అది పెద్ద లోపం కాదు గనుక అమ్మేవారు ఆ మాట చెప్పరు. కొన్ని లెన్సులు ఏఐ, ఏఐ-ఎస్ రెండు రూపాల్లోనూ దొరుకుతాయి. వాటిలో కొన్నింటికి ఏఐలో ఫోకస్ తిప్పుడు కాస్త ఎక్కువ. ఫోకస్ పుల్లర్‌కు అదే మేలు.

నిక్కోర్లకు విశేషమైన గుణం ఏదో ఉంటుందని ఆశించి కొనవద్దు. ఇవి ముదురు, నిండైన కాంట్రాస్టు ఇచ్చే నిదానస్థులు. వెనుక ఆకులు సుడి తిరిగినట్టు కనిపించాలంటే సోవియట్ హీలియోస్ 44-2ను ఒక్కటి విడిగా కొనుక్కుని, ఆ ఒక్క సన్నివేశానికి వాడండి. దాని అపెర్చర్ వలయానికి క్లిక్కులు కూడా ఉండవు.

అడాప్టర్ కొలత

ఇక అసలు పనికి వద్దాం. ప్రతి లెన్సుకూ ఒక నికాన్-ఈఎఫ్ రింగును శాశ్వతంగా బిగించి, కెమెరా మౌంట్ వేరైతే కెమెరాకు ఒకే ఒక్క ఈఎఫ్ అడాప్టర్‌ను బిగించి ఉంచడం మంచి పద్ధతి. ఉదాహరణకు సోనీ ఎఫ్ఎక్స్3 వాడేవారికి కెమెరా వైపు అడాప్టర్ మందం 44 నుంచి 18 తీసేస్తే 26 మి.మీ., లెన్సు వైపు రింగు 46.5 నుంచి 44 తీసేస్తే 2.5 మి.మీ. బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 6కే వంటి ఈఎఫ్ కెమెరాకు రెండో అడాప్టర్ అక్కరలేదు. ఇలా విడదీయడం వల్ల లెన్సు మార్చేటప్పుడు అడాప్టర్‌తో పెనుగులాడే అవసరం ఉండదు. దానికంటే ముఖ్యంగా, ఏ లెన్సుకు తేడా ఉంటే ఆ లెన్సు రింగును మాత్రమే సరిచేయవచ్చు.

బజారులో దొరికే చవక అడాప్టర్లు కావాలనే ఒక పిసరు పలుచగా ఉంటాయి. మందంగా ఉంటే దూరం ఫోకస్ రాదు, కొన్నవారు తిరిగి పంపుతారు. పలుచగా ఉంటే ఫోకస్ వస్తుంది, గుర్తులు తప్పుతాయి. ఫోటోలు తీసేవారు ఆ గుర్తులు చూడరు. సినిమాలో ఫోకస్ పుల్లర్ బతికేదే ఆ గుర్తుల మీద. పొరపాటు ఎంత పెద్దదో తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క ఉంది: లెన్సు ఫోకల్ దూరాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి, దాన్ని అడాప్టర్ తేడాతో భాగించండి. అడాప్టర్ 0.1 మి.మీ. పలుచగా ఉందనుకుందాం. 24 మి.మీ. లెన్సుకు 576ను 0.1తో భాగిస్తే 5,760 మి.మీ. వస్తుంది. అంటే దూరంలోని కొండలు ఫోకస్‌లోకి వచ్చేసరికి లెన్సు గుర్తు సుమారు 5.8 మీటర్ల దగ్గర ఉంటుంది. అదే అడాప్టర్ మీద 50 మి.మీ. లెన్సు 25 మీటర్లు చూపుతుంది, 135 మి.మీ. లెన్సు 180 మీటర్లు దాటి చూపుతుంది; అంటే దాని మీద తప్పు కనిపించనే కనిపించదు. అందువల్ల అడాప్టర్‌ను ఎప్పుడూ మీ దగ్గరున్న అతి వెడల్పాటి లెన్సుతోనే పరీక్షించాలి. తేడాను 0.02 మి.మీ.కి తగ్గిస్తే 24 మి.మీ. లెన్సు గుర్తు 29 మీటర్ల దరిదాపుల్లోకి వస్తుంది, అంతవరకు సహించవచ్చు.

ఇందులో మరో చిక్కు కూడా ఉంది. 24 ఎఫ్ 2.8, 28 ఎఫ్ 2.8 ఏఐ-ఎస్ వంటి వాటిలో దగ్గర ఫోకస్ చేసేటప్పుడు లోపలి అద్దాల మధ్య దూరం కూడా మారే ఏర్పాటు ఉంటుంది. 1967లో వచ్చిన 24 మి.మీ. నిక్కోర్‌తోనే నికాన్ ఈ పద్ధతిని మొదలుపెట్టింది. ఫ్లాంజ్ దూరం తప్పితే ఈ లెన్సులలో గుర్తులతోపాటు ఫ్రేము మూలల పదును కూడా చెడుతుంది. కాబట్టి టేపు మీద కొత్త గుర్తులు రాసుకుని సరిపెట్టుకుందామన్న ఉపాయం వీటికి చాలదు.

కొలిచే క్రమం ఇది. కెమెరా వైపు అడాప్టర్‌ను మైక్రోమీటరుతో నాలుగు చోట్ల కొలవండి. 25 నుంచి 50 మి.మీ. దాకా కొలిచే మైక్రోమీటరు దీనికి సరిపోతుంది. అది లేకపోతే దగ్గరలోని లేత్ షాపులో అడిగితే కొలిచి చెబుతారు. మామూలు వెర్నియర్ కాలిపర్ మీద ఇంత సూక్ష్మమైన తేడాకు నమ్మకం పెట్టుకోవద్దు. నాలుగు కొలతల మధ్యే 0.03 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే అడాప్టర్ ఒరిగి ఉందన్నమాట. ఫ్రేములో ఎడమ వైపు పదునుగా, కుడి వైపు మెత్తగా వచ్చేది దీనివల్లే. అలాంటిదాన్ని సరిచేయాలని చూడకుండా మార్చేయండి.

నాలుగు వైపులా ఒకేలా ఉండి, మొత్తం మీద పలుచగా ఉన్న అడాప్టర్ మంచిదే. చాలా అడాప్టర్లు రెండు ముక్కలుగా ఉండి స్క్రూలతో కలిసి ఉంటాయి. ఆ రెండింటి మధ్య ఇత్తడి రేకుతో చేసిన షిమ్ (మందం పూడ్చే పలుచని వలయం) వేయాలి. 0.02, 0.05, 0.1 మి.మీ. మందాల్లో షిమ్ రేకులు పారిశ్రామిక సామగ్రి దుకాణాల్లో దొరుకుతాయి. అడాప్టర్ ముక్కను రేకు మీద పెట్టి సన్నని మొనతో గీసి, మంచి కత్తెరతో వలయంగా కోయండి. కోసిన అంచు లేచి ఉంటుంది, దాన్ని గాజుపలక మీద నూరి చదును చేయకపోతే ఆ లేచిన అంచు షిమ్ మందం కంటే ఎక్కువ తేడా తెస్తుంది. స్క్రూలను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించి మళ్ళీ నాలుగు చోట్ల కొలవండి.

కెమెరా వైపు అడాప్టర్ సరిగా ఉందని తేలాకే లెన్సు రింగుల జోలికి వెళ్ళాలి. 24 మి.మీ. లెన్సును రింగుతో సహా కెమెరాకు తగిలించి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, ఫోకస్‌ను అనంతం గుర్తు దగ్గర ఆగేదాకా తిప్పండి. కనీసం కిలోమీటరు అవతల ఉన్న సెల్ టవరో, భవనం మీది అక్షరాలో చూసి, మానిటరులో బొమ్మను పెద్దది చేయండి. ఆగిన చోటే పదును వస్తే సరి. వలయాన్ని కాస్త వెనక్కి తిప్పినప్పుడు పదును పెరిగితే రింగు పలుచగా ఉంది, షిమ్ వేయాలి. ఆగేదాకా తిప్పినా పదును రాకపోతే మందంగా ఉంది. వేసిన షిమ్‌లో కొంత తీయాలి, షిమ్ లేకపోతే రింగును లేత్ మీద నునుపుగా తగ్గించాలి. తరువాత కెమెరా పక్కన ఉండే సెన్సార్ గుర్తు నుంచి టేపుతో 2 మీటర్లు కొలిచి, చార్టు పెట్టి, ఫోకస్ చేసి, లెన్సు గుర్తు కూడా 2 మీటర్లే చూపుతోందా అని చూడండి. టేపు లెన్సు ముందు నుంచి కాక సెన్సార్ నుంచే కొలవాలి. మధ్యాహ్నం ఇలా పరీక్ష చేసినదాన్ని రాత్రి దూరపు దీపాల మీద మరోసారి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే ఎండవేళ వేడిగాలి కదలికకు దూరపు అక్షరాలు అలలాడుతుంటాయి.

అడాప్టర్, రింగు రెండూ సరైన కొలతలో ఉండి ఒక్క లెన్సు మాత్రం తేడా చూపితే, తప్పు ఆ లెన్సులోనే ఉంది. ఎవరో పూర్వం విప్పి సరిగా బిగించక వదిలేసి ఉంటారు. చాలా నిక్కోర్లలో ఫోకస్ వలయం మీది రబ్బరు పట్టీని జాగ్రత్తగా జరిపితే కింద చిన్న స్క్రూలు కనిపిస్తాయి; వాటిని కొద్దిగా వదులు చేసి, దూరపు వస్తువును ఫోకస్‌లో ఉంచి, వలయాన్ని మాత్రం అనంతం గుర్తుకు తిప్పి మళ్ళీ బిగించాలి. ఆ ఒక్క లెన్సు కోసం అడాప్టర్‌ను మార్చితే మిగతావన్నీ చెడతాయి.

చివరగా కదలిక పరీక్ష. కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, బొమ్మను పెద్దది చేసి, లెన్సును పట్టుకుని ఫోకస్ తిప్పే దిశలో మెల్లగా మెలిపెట్టండి. బొమ్మ పక్కకు గెంతితే రింగు వదులుగా ఉందని అర్థం. ఫోకస్ మోటారు దిశ మార్చిన ప్రతిసారీ తెర మీద ఆ గెంతు కనిపిస్తుంది. స్ప్రింగు పిన్నుతో పట్టే రింగుల బదులు, లెన్సు పాత బయోనెట్‌ను (తిప్పి బిగించే వెనుక లోహపు వలయం) తీసి స్క్రూలతో బిగించే రకం మౌంట్ దొరికితే అదే మేలు. లేకపోతే రింగు లోపలి పలుచని స్ప్రింగు రేకులను చిన్న స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా వెడల్పు చేయండి.

అపెర్చర్ క్లిక్కులు తీయడం

నికాన్ లెన్సు కెమెరా మీద లేనప్పుడు రేకులు వలయం మీద పెట్టిన అంకె మేరకు తమంతట తామే మూసుకుంటాయి. అందువల్ల మామూలు రింగుతోనే అపెర్చర్ పనిచేస్తుంది. ఈఎఫ్ మార్గంలో కాకుండా నికాన్ నుంచి నేరుగా ఈ మౌంట్‌కు వెళ్ళే అడాప్టర్ వాడితే, అడాప్టర్‌కే విడిగా అపెర్చర్ వలయం ఉందేమో చూసుకోండి. అది ఏఐ-ఎస్ లెన్సులకు అనవసరం. దాన్ని పూర్తిగా మూసే వైపు తిప్పి టేపు వేయకపోతే రేకులను తెరిచి పట్టుకుని, మీరు ఎఫ్ 8 పెట్టినా ఎఫ్ 2 లాగే చూపిస్తుంది.

షాటు మధ్యలో వెలుగు మార్చే అవసరం మీకు లేకపోతే క్లిక్కులను అలాగే ఉంచండి. నిజానికి చాలామందికి ఆ అవసరం రాదు, ఒక స్టాపుకూ ఇంకో స్టాపుకూ మధ్య వలయం క్లిక్కు లేని చోట కూడా నిలుస్తుంది. తీయాలనే నిర్ణయించుకుంటే ముందు సరైన స్క్రూడ్రైవర్ తెచ్చుకోండి. జపాన్ లెన్సుల స్క్రూ తలలు చూడటానికి మామూలు నక్షత్రం గుర్తులాగే ఉన్నా, వాటి గాడి జపాన్ ప్రమాణమైన జేఐఎస్‌ది. ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ అందులో పూర్తిగా కూర్చోదు, తిప్పగానే తల అరిగిపోతుంది. కొన్ని స్క్రూలకు తయారీలోనే లాకు రంగు పూస్తారు. టూత్‌పిక్ కొనతో ఒక్క చుక్క అసిటోన్ వేసి కాసేపు ఆగితే అవి లొంగుతాయి. అసిటోన్ ప్లాస్టిక్కునూ గుర్తుల రంగునూ తినేస్తుంది కాబట్టి సీసాను లెన్సు పక్కన పెట్టుకోవద్దు.

లెన్సును ముఖం కిందికి పెట్టి, వెనుక బయోనెట్ స్క్రూలు విప్పి, ప్రతి దశనూ ఫోన్‌తో ఫోటో తీయండి. అపెర్చర్ వలయం పైకి వచ్చాక, నిక్కోర్లలో ఎక్కువగా పలుచని ఆకు స్ప్రింగు కనిపిస్తుంది. దాన్ని తీసేస్తే క్లిక్కు పోతుంది. మరికొన్ని కంపెనీల లెన్సుల్లో ఆవగింజంత ఉక్కు గుండు, దాని కింద స్ప్రింగు ఉంటాయి. ఆ గుండు వలయం లేపగానే ఎగిరి ఎటు పోయిందో తెలియదు గనుక, పనంతా అంచులున్న తెల్లటి ట్రేలో చేయడం మంచిది. తీసినదాన్ని పారేయకుండా చిన్న సంచిలో వేసి లెన్సు పేరు రాయండి. అమ్మేటప్పుడు తిరిగి పెట్టగలిగితే ధర నిలుస్తుంది. స్ప్రింగు లేని వలయం మరీ తేలికగా తిరుగుతుంది, కాబట్టి చిక్కని డ్యాంపింగ్ గ్రీజును వలయం లోపలి అంచుకు తుడిచినట్టు పూయాలి. ఎక్కువ పూస్తే ఎండాకాలంలో కరిగి రేకుల మీదికి పాకుతుంది. మూసేటప్పుడు వలయంలోని గాడి లోపలి మీటను పట్టిందో లేదో చూసి, స్క్రూలు పూర్తిగా బిగించకముందే రేకులు తెరుచుకుని మూసుకుంటున్నాయని నిర్ధారించుకోండి.

గేర్లు, ముందు వలయాలు

సినిమా ఫాలో ఫోకస్‌లకు 0.8 మాడ్యూల్ (పంటి పరిమాణం) గేర్ పళ్ళు ప్రమాణం. 100 పళ్ళ గేరైతే పైవ్యాసం 81.6 మి.మీ. వస్తుంది, అన్ని లెన్సులకూ అదే పళ్ళ సంఖ్య ఉన్న గేర్లు తీసుకుంటే మోటారును లెన్సు మార్చినప్పుడల్లా జరపవలసిన పని తగ్గుతుంది. బెల్టులా చుట్టి బిగించే రకం గేర్లు పరీక్షకు సరే గానీ, బిగింపు ముడి దగ్గర మోటారు ఆగిపోతుంది. పూర్తి వలయంగా ఉన్నవి, ఫోకస్ రబ్బరు వ్యాసం కొలిచి 3డీ ప్రింటు చేయించుకున్నా బాగానే పనిచేస్తాయి. ప్రతి లెన్సు మీదా గేరు మౌంట్ అంచు నుంచి ఒకే దూరంలో ఉండేలా పెట్టడానికి ప్రయత్నించండి. చాలా నిక్కోర్లలో ఫోకస్ వలయం తిరుగుతూనే ముందుకు కూడా జరుగుతుంది, 50 మి.మీ. లెన్సు 0.45 మీటర్ల దగ్గరి ఫోకస్‌కు వచ్చేసరికి ముందు భాగం సుమారు 7 మి.మీ. బయటికి వస్తుంది. అందువల్ల గేరు వెడల్పుగా ఉండాలి. రాడ్ల మీద నిలిచే మ్యాట్ బాక్స్‌ను (లెన్సు ముందు పక్కవెలుగు ఆపే పెట్టె) కూడా లెన్సుకు ఆనించి బిగించవద్దు. మధ్యలో మెత్తని బట్ట వలయం పెడితే కదలడానికి చోటు ఉంటుంది, వెనుక వెలుగూ చొరబడదు.

ముందు వ్యాసాన్ని అన్నింటికీ 80 మి.మీ.కి సమం చేసే వలయాలు 52 మి.మీ. మరకు దొరుకుతాయి. 24 మి.మీ. లెన్సుకు తొడిగాక, అపెర్చర్ మూసి, తెల్లటి గోడను తీసి, నాలుగు మూలలు నల్లబడుతున్నాయేమో చూసుకోండి.

వెలుగు, రంగు సరిపోల్చడం

ఎఫ్ సంఖ్య లెక్కతో వచ్చేది, అది అద్దాల గుండా నిజంగా ఎంత వెలుగు చేరుతుందో చెప్పదు. సినిమా లెన్సుల మీద ఉండే టీ సంఖ్య ఆ పని చేస్తుంది. మీ లెన్సులకు అలాంటి గుర్తులను మీరే వేసుకోవచ్చు. ఒక గ్రే కార్డును రెండు వైపులా సమానంగా వెలిగించి, 50 మి.మీ. లెన్సును ఎఫ్ 4 దగ్గర పెట్టి, వేవ్‌ఫామ్ (వెలుగు స్థాయి చూపే గ్రాఫ్) మీద కార్డు గీత ఎక్కడ ఉందో గుర్తు పెట్టుకోండి. దీపాలనూ కెమెరా సెట్టింగులనూ ముట్టుకోకుండా లెన్సు మార్చి, కార్డు ఫ్రేము నడిమిలోనే ఉండేలా చూసి, గీత అదే ఎత్తుకు వచ్చేదాకా అపెర్చర్ వలయాన్ని తిప్పి, ఆ చోట తెల్ల టేపు మీద సన్నని గీత గీయండి. 2.8, 4, 5.6 మూడింటికి ఇలా చేస్తే చాలు. క్లిక్కులు తీసేసిన శ్రమకు నిజమైన ఫలితం ఇక్కడ దక్కుతుంది. 50 ఎఫ్ 1.4 పూర్తిగా తెరిస్తే బొమ్మ మీద మెత్తని కాంతి వలయం వస్తుంది, 2.8కి వచ్చేసరికి శుభ్రపడుతుంది. సెట్టులో మిగతా లెన్సుల్లో కొన్ని మొదలయ్యేదే 2.8 దగ్గర కాబట్టి సన్నివేశాన్ని 2.8కీ 4కీ మధ్య తీస్తే లెన్సు మారిన సంగతి చూసేవారికి తెలియదు.

అదే దీపాల కింద ప్రతి లెన్సుతోనూ ఒక కలర్ చార్టు తీసి దాచండి. ఏఐకి ముందు కాలం పూతలు ఉన్న లెన్సు ఒకటి కలిస్తే రంగు కొంచెం వెచ్చబడుతుంది. తేడా తక్కువైతే వైట్ బ్యాలెన్స్‌తో, ఎక్కువైతే గ్రేడింగులో సరిచేయవచ్చు. కలరిస్టుకు ఆ చార్టులు ఇస్తే ఊహించవలసిన పని ఉండదు.

షూటింగులో, ఇంట్లో

ఈ లెన్సులు కెమెరాకు ఏ సమాచారమూ పంపవు. ఏ షాటుకు ఏ లెన్సు, ఏ స్టాపు అన్నది అసిస్టెంట్ కాగితం మీద రాయాలి. బాడీలోనే స్టెబిలైజేషన్ ఉన్న కెమెరాల్లో లెన్సు మార్చినప్పుడల్లా ఫోకల్ దూరాన్ని మెనూలో చేత్తో ఇవ్వాలి. 24కు మారి 85 అంకె అలాగే వదిలేస్తే కెమెరా అవసరానికి మించి సవరించి ఫ్రేమును ఊపేస్తుంది. ఏసీ గదిలో నుంచి మధ్యాహ్నపు ఎండలోకి తీసుకెళ్ళిన లెన్సును కొంతసేపు మూత తీయకుండా సంచిలోనే ఉంచండి. తేమ గాలి తగిలితే అద్దం మీద ఆవిరి పడుతుంది.

రోజూ ఉదయం మొదటి షాటుకు ముందు 24 మి.మీ. లెన్సును ఒక్కసారి దూరపు వస్తువు మీద పెట్టి చూడటం అలవాటు చేసుకోండి. వ్యాను కుదుపులకు రింగు స్క్రూలు వదులవడం మామూలే, మిగతావాటి కంటే ముందు ఆ లెన్సే చెబుతుంది. పని లేని రోజుల్లో లెన్సులను తోలు సంచుల నుంచి తీసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండే డ్రై క్యాబినెట్‌లో పెట్టండి. అది కొనే స్తోమత లేనివారు గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులతోపాటు చవకలో దొరికే ఒక తేమ మీటరు కూడా వేసి, సంచుల రంగు మారినప్పుడల్లా వేడిచేసి ఆరబెట్టుకోవచ్చు. ఏ లెన్సు రింగుకు ఎంత మందం షిమ్ వేశారో వెనుక మూత లోపల చిన్న చీటీ అంటించి రాయండి. రింగు పాడై కొత్తది వేయవలసి వచ్చిన రోజున కొలతలన్నీ మొదటి నుంచి చేసుకోకుండా, ఆ అంకెతోనే పని మొదలుపెట్టవచ్చు.